తడి చెత్తకు ఏ కవర్లు కొనాలి? డైపర్లు దేంట్లో వేయాలి?

ప్రశ్న (నల్గొండ): అందరికీ నమస్తే. రామగిరిలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. ఐదుగురం, చంటిబాబు ఉన్నాడు. తడి, పొడి వేరుగా ఇమ్మంటున్నారని 30 నల్ల కవర్ల రోల్ తెచ్చాను. మొన్న సొరకాయ తొక్కలు, మిగిలిన పప్పు వేసి కిందికి దిగుతుంటే కవర్ అడుగు చినిగి మెట్ల పొడుగునా కారింది. ఓనర్ ఆంటీ అప్పుడే వేసిన ముగ్గు కూడా పాడైంది. షాపులో ఆకుపచ్చ కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) కవర్లు చూశాను, రేటు చాలా ఎక్కువ. అవి కొనాలా?

జవాబు (మహబూబ్‌నగర్): అక్కా, తడి చెత్తకు అసలు కవరే వద్దు. మూత ఉన్న చిన్న బకెట్ తీసుకుని అడుగున పాత పేపర్ రెండు మడతలు వేయండి. పప్పు, చారు, మజ్జిగ లాంటివి జల్లెడలో వంచి, నీళ్లు కారిపోయాకే బకెట్‌లో వేయండి. కవర్ కారేది, కంపు కొట్టేది ఆ నీళ్ల వల్లే. ఆటో వచ్చాక తడి చెత్త వైపు బోర్లించి, బకెట్ కడిగి ఎండలో పెట్టండి. మన పాలమూరు, నల్గొండ ఎండలకు ఇట్టే ఆరిపోతుంది.

మా తమ్ముడు చెత్త ఆటో మీద పనిచేస్తాడు. ముడి వేసిన కవర్ వస్తే వాళ్లు చేత్తోనే చించాలి. పోయినేడు ఒక నల్ల కవర్‌లో పగిలిన గాజు గ్లాసు ఉంది. పైకి కనపడలేదు. బొటనవేలి మొదట్లో తెగి నాలుగు కుట్లు పడ్డాయి. నెల రోజులు అన్నం ఎడమ చేత్తో తిన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో గాజు పగిలితే అట్టపెట్టెలో పెట్టి, టేప్ వేసి, పైన పెద్దగా ‘గాజు’ అని రాసి చేతికిస్తాం. దయచేసి మీరూ అలాగే ఇవ్వండి.

కంపోస్టబుల్ కవర్ల సంగతి: రంగు చూసి నమ్మొద్దు. అసలువాటి మీద ‘కంపోస్టబుల్’ అని, ఐఎస్ 17088 (భారతీయ ప్రమాణం నంబర్) అని, తయారీదారు సర్టిఫికెట్ నంబర్ ఉండాలి. ఉత్త ‘బయోడిగ్రేడబుల్’ అని రాసుంటే కొనకండి. అసలువైనా పెద్ద కంపోస్ట్ యార్డులో 55–60 డిగ్రీల వేడి పుడితేనే సరిగ్గా కుళ్లుతాయి. ఇంటి కుండీలో నెలల తరబడి అలాగే ఉంటాయి. బకెట్ ఉండగా ఆ ఖర్చు మీకెందుకు?

పొడి చెత్తకు ఖాళీ 25 కిలోల బియ్యం సంచిని మించింది లేదు. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి వేయండి. మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా ఊడకుండా చూడండి, ఆ చిన్న ముక్కలను ఏరడం ఎవరివల్లా కాదు. పాత మందులు, బ్యాటరీలు విడిగా ఒక డబ్బాలో.

మరొకరు (దేవరకొండ): కిరాణా కవర్లనే చెత్తకు వాడితే సరిపోదా?

జవాబు (మహబూబ్‌నగర్): అన్నా, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల మందం లోపు క్యారీ బ్యాగులు ఇవ్వకూడదు. ఆ పల్చటివి తడికి ఆగవు కూడా. మార్కెట్‌కు బట్ట సంచి తీసుకెళ్తే సగం బాధ తప్పుతుంది.

అక్కా, డైపర్ల గురించి మర్చిపోయాను. లోపలి మలం మాత్రం టాయిలెట్‌లో వేసి, డైపర్ చుట్టి పేపర్‌లో గట్టిగా మడిచి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ప్యాడ్లకూ అంతే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో కూడా వీటిని విడిగా చుట్టే ఇవ్వాలన్నారు. మీ నల్ల కవర్ల రోల్ దీనికి వాడేయండి, కవర్ మీద కూడా ఎర్ర గుర్తు ఉండాలి. కవర్ సైజు కోసం, దాన్ని తొడిగే డబ్బా అంచు చుట్టూ టేప్ పెట్టి కొలవండి. వచ్చినదాంట్లో సగం కంటే కవర్ వెడల్పు రెండు అంగుళాలు ఎక్కువుండాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అక్కా. కొలిచాను, 34 అంగుళాలు వచ్చింది. నా రోల్ మీద 19×21 అని ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్): సరిగ్గా సరిపోతుంది. 17×19 అయితే అంచు దగ్గర బిగుసుకుని చినిగేది.