చిన్న అక్షరాలకు మార్చే లూపు స్లో, పైగా పేర్లు పాడవుతున్నాయి, అర్జెంటు

బ్రాడీపేట 4వ లైను:
పొద్దున తొమ్మిదింటి నుంచి దీని మీదే కూర్చున్నా, టిఫిన్ కూడా తినలేదు. సి ప్రోగ్రాంలో పెద్ద ఏబీసీడీలను చిన్నవి చేయాలి. టులోయర్ (పెద్దక్షరాన్ని చిన్నది చేసే సి ఫంక్షన్) స్లో అనిపించి అది తీసేసి, ప్రతి బైటునీ 32తో ఆర్ చేస్తున్నా, అంటే పెద్ద, చిన్న ఏబీసీడీలకు తేడా అయిన 32 బిట్‌ను ఆన్ చేస్తున్నా. 4 ఎంబీ ఫైలుకు అప్పుడూ పది నిమిషాలే, ఇప్పుడూ పది నిమిషాలే. పైగా కొన్ని పేర్లు చెడిపోతున్నాయి, కొన్ని శుభ్రంగా ఉంటున్నాయి. రేపు కమీషన్ కొట్టు వాళ్లకు ఇవ్వాలి, ఎవరైనా చెప్పండన్నా.

సత్యనారాయణపురం:
కోడ్ పెట్టు.

గవర్నర్‌పేట మాస్టారు:
బాబూ, పెద్దా చిన్నా మార్చడం అంత తేలిక కాదు. టర్కిష్‌లో పెద్ద ఐకి జోడీ చుక్క లేని చిన్న ఐ. జర్మన్‌లో ఒక్క అక్షరాన్ని పెద్దది చేస్తే రెండు ఎస్‌లు అవుతాయి. ముందు భాష ఏదో తేల్చుకోవాలి.

బ్రాడీపేట 4వ లైను:
మాస్టారూ, ఇవి మిర్చి లాట్లండీ, టర్కిష్ ఎందుకొస్తుంది! ‘మిరప’ బాగానే ఉంది, ‘కారం’ మాత్రం ‘వారఢ’ అయింది.

బెంజి సర్కిల్:
తెలుగు ఉందని ముందే చెప్పొద్దా తమ్ముడూ! యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ‘క’ అంటే 224, 176, 149. చివరి బైటును 32తో ఆర్ చేస్తే 181, అంటే ‘వ’. సున్నా (ం) చివరి బైటు 130 కాస్తా 162 అయి ‘ఢ’ వచ్చింది. ‘మిరప’ బైట్లన్నిట్లో ఆ 32 బిట్ ముందే ఉంది కాబట్టి బతికిపోయింది. 65 నుంచి 90 దాకా, అంటే పెద్ద ఏ నుంచి జెడ్ దాకా ఉన్న బైటైతేనే ఆర్ చెయ్యి. అన్‌సైన్డ్‌గా (నెగెటివ్ లేని సంఖ్యగా) 65 తీసేసి 26 కంటే తక్కువా అని చూస్తే ఒక్క పోలికతో అయిపోతుంది. టులోయర్‌కైనా అన్‌సైన్డ్ చార్ చేసే ఇవ్వాలి, మన పీసీల్లో చార్ సైన్డ్, తెలుగు బైట్లు నెగెటివ్‌గా వెళ్తాయి.

గవర్నర్‌పేట మాస్టారు:
అక్షరం, బైటు కలిపేస్తున్నారు. ‘కా’ ఒక అక్షరం, యూనికోడ్‌లో రెండు సంకేతాలు, ఆరు బైట్లు. మరి చార్ అంటే ఏది?

సత్యనారాయణపురం:
సిలో చార్ అంటే బైటు, అంతే. లూపు మొదటి లైను ఏది?

బ్రాడీపేట 4వ లైను:
మామూలు ఫర్ లూపే అన్నా, ఐ సున్నా నుంచి స్టర్‌లెన్ (స్ట్రింగు పొడవు లెక్కపెట్టే ఫంక్షన్) దాకా. ఫైలంతా ఒకే స్ట్రింగులో ఉంది.

సత్యనారాయణపురం:
స్టర్‌లెన్ లూపు బయటికి తియ్యి.

బెంజి సర్కిల్:
అదే! ఒక్కో బైటుకీ 4 ఎంబీ మొత్తం మొదటి నుంచి నడిచి పొడవు లెక్కపెడుతోంది. లోపల నువ్వు అదే స్ట్రింగులో రాస్తున్నావు కాబట్టి పొడవు మారదనుకుని కంపైలర్ తనే దాన్ని బయటికి తియ్యడానికి లేదు. టులోయర్ పాపం ఏం చేసింది?

గవర్నర్‌పేట మాస్టారు:
బైటు సరే, తెలుగులో అక్షరాన్ని లెక్కపెట్టాల్సి వస్తే ఎలాగో కూడా చెప్పండి.

బ్రాడీపేట 4వ లైను:
ఎంటర్ కొట్టగానే వచ్చేసింది, ‘కారం’ కూడా సరిగ్గా ఉంది. థాంక్స్ అన్నా, భోజనానికి వెళ్తున్నా.