నాయనమ్మ బొంత పిగిలిపోతోంది, ఎలా బాగుచేయాలి?

అందరికీ నమస్కారం. మాది సికింద్రాబాద్. మా నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి నా దగ్గరుంది. ఐదు పాత నూలు చీరలు పొరలుగా పరిచి, నాలుగు అంచుల నుంచి లోపలికి చేత్తోనే కుట్టుకుంటూ వచ్చింది. నడుమకొచ్చేసరికి కుట్లు వంకరపోయాయి, అప్పటికి చూపు తగ్గిందేమో. నాకైతే ఆ వంకర కుట్లే ఇష్టం.

ఇప్పుడు పై చీర మడతల దగ్గర పిగిలిపోయి దారాలు ఊడొస్తున్నాయి. మా గల్లీ టైలరన్న "పైన కొత్త బట్ట వేసి మిషన్ కొట్టేస్తా అక్కా, గంట పని" అన్నాడు. అలా చేస్తే నాయనమ్మ కుట్టు ఒక్కటీ కనబడదు. పైగా అంత నలిగిన బట్ట మిషన్ సూదికి ఆగుతుందా?

కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత కూడా అంచుల నుంచి మొదలై నడిమికే వస్తుంది, పాత బట్టల ముక్కలు అతికిస్తూ. అది చూశాక, చిరిగిన చోట్ల మాత్రం అమ్మ చీర ముక్కలు వేద్దామనుకుంటున్నా. అమ్మేమో "పాత బొంతకి ఇంత టెన్షనా" అని నవ్వుతోంది.

పిగిలిన భాగం కత్తిరించాలా, అలాగే ఉంచి పైన ముక్క వేయాలా? తెల్లటి తడిగుడ్డ అద్దితే ఎర్ర అంచు రంగు అంటింది, మరి ఉతకడం ఎలా? హైదరాబాద్‌లో ఇంకా చేత్తో బొంతలు కుట్టే పెద్దమ్మలు ఏ వైపు ఉన్నారో తెలిస్తే చెప్పండి. పక్కన కూర్చుని నేర్చుకుంటా.