ఆల్జీబ్రా ఒకటే, టీచర్ని బట్టి గ్రేడ్ మారుతోంది. ఎవరితో మాట్లాడాలి?

మేం వర్జీనియాలో ఉంటాం. మా పాప ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా 1 చదువుతోంది. స్కూల్లో ఆ క్లాసు చెప్పేది ఇద్దరు టీచర్లు. ఒకరు పరీక్ష సరిగ్గా రాయకపోతే మళ్ళీ రాయనిచ్చి కొత్త మార్కే వేస్తారు. మా పాప టీచరు మళ్ళీ రాసినా 80 దాటనివ్వరు, హోంవర్క్ ఒక్కరోజు ఆలస్యమైతే సున్నా. ఆ ఇంకో టీచరు క్లాసులో ఉన్న పక్కింటి అబ్బాయికి లెక్కలు చెప్పేది మా పాపే. వాడికి ఏ, దీనికి బి. "నాకు లెక్కలు రావేమో అమ్మా" అని రాత్రి ఏడ్చింది. గ్రేడ్ కన్నా ఆ మాటే నన్ను కలచివేస్తోంది.

ఇక్కడ మిడిల్ స్కూల్లో చదివినా ఆల్జీబ్రా 1 హైస్కూల్ క్రెడిట్ కిందే లెక్క. తల్లిదండ్రులు అడిగితే ఆ గ్రేడును హైస్కూల్ మార్కుల రికార్డైన ట్రాన్‌స్క్రిప్ట్‌లోంచి తీసేస్తారు, కానీ క్రెడిట్ కూడా పోతుంది. ముందు టీచర్‌తో మాట్లాడాలా, కౌన్సెలర్‌తోనా? టీచరుకు పాప మీద కోపం రాకుండా ఎలా అడగాలి? ఇది దాటి వచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.