హైకోర్టు పోతే పోనీ, పాత భవనం సంగతేంటి?

నయాపూల్ నివాసి:
హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల్లో కట్టే తెలంగాణ కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో అప్పటి సీజేఐ చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. కోర్టు కదలాలా వద్దా అన్న గొడవ ఎప్పట్నుంచో నడుస్తోంది, నేనడిగేది వేరు. మూసీ ఒడ్డునున్న పాత భవనంలోకి తర్వాత ఎవరు వస్తారో కాగితం మీద తేలాకే కోర్టు సామాను సర్దాలి. తాళం పడిన కట్టడం గతేంటో నది అవతల ఉస్మానియా ఆసుపత్రి దగ్గర చూశాం. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాయని పాత బ్లాకు ఖాళీ చేయించారు. ఇక అక్కణ్నుంచి కూల్చాలా, నిలబెట్టాలా అన్న వాదనే సరిపోయింది.

నల్లకోటు:
అందాన్ని ఎవరూ కాదనట్లేదు అన్నా. లోపల పనిచేసేవాళ్ల తిప్పలు వేరు. 2021లో జడ్జి పోస్టులు 24 నుంచి 42కి పెరిగాయి. 1919లో పూర్తయిన కట్టడం, తర్వాత దాని వెనకా పక్కనా లేపిన బ్లాకులు ఇంకెంతమందికని సరిపోతాయి? పొద్దున కోర్టు దగ్గరి మదీనా సెంటర్‌లో ఇరుక్కున్నామంటే టెన్షన్ మొదలు. జూనియర్‌కి ఫోన్ చేసి ‘పాస్‌ఓవర్ అడుగు తమ్ముడూ, మన కేసు కాసేపాగి పిలవమను’ అని బతిమాలుకోవాలి. కారు పెట్టడానికి చోటు దొరికితే సగం కేసు గెలిచినట్టే. 2009 ఆగస్టులో మంటలు లేచి లైబ్రరీ కాలిపోయింది కూడా. హెరిటేజ్ అంటూ కూర్చుంటే ఫైళ్లకు దిక్కెవరు?

వరిచేను:
ఆ 100 ఎకరాలు ఎక్కడివో ఇద్దరూ ఎత్తలేదు. వ్యవసాయ, ఉద్యాన వర్సిటీల భూమి అది. 2024 జనవరిలో విద్యార్థులు ఊరికే రోడ్డెక్కలేదు. పాత భవనం పోతుందని ఏడ్చేవాళ్లు పొలం పోయిందని కూడా ఒక్క మాటనొచ్చు.

నయాపూల్ నివాసి:
@వరిచేను న్యాయమైన మాటే. దాని మీద వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, నేనూ వస్తాను.

@నల్లకోటు మీ ఇబ్బంది నిజమే, అందుకే కోర్టును ఆపమనట్లేదు. కానీ ఆ భవనం ఒంటరిది కాదు. 1908 వరదలో మూసీ నగరాన్ని ముంచేశాక ఒడ్డు వెంట కట్టిన వరసలోది. ఇటు హైకోర్టు, పక్కనే సిటీ కాలేజీ, అటు ఉస్మానియా. ఈ మూడింటికీ బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ పేరే చెప్తారు. ఆయనకు దక్కాల్సింది దక్కనీ, కానీ హైకోర్టు ప్లాను గీసింది జైపూర్ శంకర్‌లాల్ అని, దగ్గరుండి కట్టించింది ఇక్కడి ఇంజినీర్ మెహర్ అలీ ఫాజిల్ అని కోర్టు చరిత్రలోనే ఉంది. వాళ్లిద్దరి ఊసు ఎవరూ ఎత్తరు. 1915లో పని మొదలైతే 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం ప్రారంభించారు.

నయాపూల్ వంతెన మీద ఆగి చూడండి. ఎర్ర ఇసుకరాయి, గ్రానైట్ కలిపి కట్టిన గోడలు, కొసదేలిన కమాన్లు, పైన గుమ్మటాలు. ఇండో సారసెనిక్ (మన కట్టడాల పోకడలు కలిపిన బ్రిటిష్ కాలపు శైలి) అని పుస్తకాలు ఓ ముద్ర వేస్తాయి గానీ, ఆ గుమ్మటాల్లో నాకు కనిపించేది కుతుబ్‌షాహీ సమాధుల ఛాయే.

పాతచిత్రం:
అయితే మ్యూజియం చేసేయండి. గొడవ వదిలిపోతుంది.

నయాపూల్ నివాసి:
మ్యూజియం అంటేనే భయం. మొదటి ఏడాది రిబ్బన్ కటింగ్, రెండో ఏడాది నుంచి ‘నిధులు లేవు’. కోర్టుగా కట్టింది కోర్టుగానే ఉండాలి. రోజూ వందలమంది మెట్లెక్కే చోట పైకప్పు కారితే ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు అరుస్తారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఉంది కదా, దాన్ని తెస్తే? దూరం కూడా పెద్దగా లేదు. మద్రాసు హైకోర్టు 1892 నాటి భవనంలోనే ఇప్పటికీ నడుస్తోంది.

నల్లకోటు:
మద్రాసు వాళ్లకు ఆవరణ ఉంది. మనకు ముందు మూసీ, వెనక ఘాన్సీబజార్. బొంబాయి వాళ్లనూ చూడండి, 1878 నాటి భవనం చాలక బాంద్రాకు పోతున్నారు. అయినా సివిల్ కోర్టు ఐడియా బాగుంది, ఒప్పుకుంటా. కాకపోతే మదీనా సెంటర్ ట్రాఫిక్ మా నుంచి సివిల్ లాయర్లకు బదిలీ అవుతుంది. వాళ్లనడిగారా?