స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన మొదటి రోజు సీబీపీ (రక్తకణాల లెక్క) చూసి, మనిషి బతికేదీ లేనిదీ చెప్పొచ్చా?

ఐసీయూ_డ్యూటీ:
చెప్పొచ్చనే నా వాదన. తెల్లకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చేది ఎన్‌ఎల్‌ఆర్. 78, 13 ఉంటే 6. సీబీపీ ఎలాగూ పంపుతాం, పైసా అదనపు ఖర్చు లేదు. మెదడు దెబ్బతిన్న కొన్ని గంటల్లోనే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగి న్యూట్రోఫిల్స్ ఎగబాకుతాయి, లింఫోసైట్స్ పడిపోతాయి. ఈ నిష్పత్తి ఎక్కువున్నవాళ్ళలో మరణాలూ ఎక్కువని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. అడ్మిషన్ షీట్‌లో స్ట్రోక్ తీవ్రత చెప్పే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు పక్కనే ఇదీ రాయాలి.

ల్యాబ్_బెంచి:
భాగహారం సరే సార్, కిందున్న ఆ 13 ఎంత గట్టిదో చూడండి. స్లైడ్ మీద 100 కణాలే లెక్కపెడితే ఒకరికి 10, ఇంకొకరికి 16 రావడం మామూలే. 81ని 10తో భాగిస్తే 8 దాటుతుంది, 75ని 16తో భాగిస్తే 5 లోపే. రక్తం ఒకటే, జోస్యాలు రెండు. మిషన్ వేల కణాలు చూస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. కానీ రెఫర్ చేసేముందు ఎవరైనా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే మిషనేం చేస్తుంది? అప్పుడొచ్చే అంకె ఇంజెక్షన్‌ది, మెదడుది కాదు. శాంపిల్ తీసిన టైమూ, ముందు ఇచ్చిన మందులూ రాయని ఎన్‌ఎల్‌ఆర్‌ని నేను నమ్మను.

న్యూరో_వార్డు:
మరణాలతో సంబంధం ఉండటం వేరు, మనకు తెలియని సంగతి చెప్పడం వేరు. వయసు, ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ తెలిశాక రక్తపరీక్ష కొత్తగా ఏం చెబుతుంది? ఎడిన్‌బరా బృందం 2009లో ఇంటర్‌ల్యూకిన్-6ని (రక్తంలో వాపుని సూచించే ప్రోటీన్) ఇలాగే పరీక్షించింది. ఎక్కువున్నవాళ్ళ పరిస్థితి అధ్వాన్నమే, అయినా క్లినికల్ అంచనాకి దాన్ని కలిపితే అంచనా మెరుగుపడలేదు. కోపెప్టిన్ అనే ఇంకో రక్తపరీక్ష కొంత నయం, కానీ మన జిల్లా ఆస్పత్రుల్లో రొటీన్‌గా చేసే పరీక్ష కాదది.

నా భయం వేరే ఉంది. "ఎన్‌ఎల్‌ఆర్ 9, లాభం లేదు" అని మొదటి రోజే అంటే ఇంటివాళ్ళు డిశ్చార్జ్ అడుగుతారు. వైద్యం ఆగి మనిషి పోతే, మన అంకె నిజమైనట్టే కనిపిస్తుంది. మెదడు సగం వాచిన, 60 ఏళ్ళలోపు రోగులకి 48 గంటల్లోపు పుర్రె ఎముక తీసి ఒత్తిడి తగ్గిస్తే ఏడాదికి 78 శాతం బతికున్నారు, తియ్యనివాళ్ళలో 29 శాతమే. మూడు యూరప్ ట్రయల్స్ కలిపి 2007లో చూపించిన లెక్క ఇది. ఆ ఆపరేషన్‌కి సీటీ, స్పృహ చూస్తాం. ఎన్‌ఎల్‌ఆర్ కాదు.

ఐసీయూ_డ్యూటీ:
ఇంటివాళ్ళకి ఆ అంకె చెప్పకూడదు, ఒప్పుకుంటున్నాను. అసలు లెక్కే వేయొద్దంటే మాత్రం ఒప్పుకోను. మొదటి రోజు 4 ఉన్నది మూడో రోజుకి 9 అయితే ఊపిరితిత్తులు వినండి, ఎక్స్‌రే తీయండి, మింగగలరో లేదో చూడకుండా ఎవరైనా నోట్లో జావ పోశారేమో అడగండి. న్యుమోనియా అక్కడే మొదలవుతుంది.

ల్యాబ్_బెంచి:
అలా వాడితే అభ్యంతరం లేదు, రెండు శాంపిళ్ళూ ఒకే మిషన్‌లో పెడితే. వాపుని చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి, ఇన్ఫెక్షన్ లేకపోయినా స్ట్రోక్‌కే అది పెరుగుతుంది.

న్యూరో_వార్డు:
మొదటి గంటలో తప్పనిసరి అంకె జీఆర్‌బీఎస్, అంటే వేలి చుక్కతో చూసే షుగర్. 60 లోపుంటే ముందు గ్లూకోజ్ ఎక్కించి మళ్ళీ చూడండి, షుగర్ పడిపోయినా ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవచ్చు. రక్తస్రావ జబ్బు, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు లేనివాళ్ళకి క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌ని సీబీపీ రిపోర్టు కోసం ఆపకండి.