తరావా, 1943 నవంబరు: ఆ దీవిని పట్టుకోవడం అవసరమేనా?

కొబ్బరిమట్ట:
నవంబరు వచ్చిందంటే ఈ తగాదా మళ్లీ లేస్తుంది కాబట్టి ఈసారి నేనే మొదలుపెడతాను. కొత్తవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. పసిఫిక్‌లో గిల్బర్ట్ దీవులు, ఇప్పుడవి కిరిబాటి దేశంలో ఉన్నాయి. అందులో తరావా ఒక పగడపు దీవుల వలయం. దాని నైరుతి కొసన బేషియో అనే చిన్న ముక్క ఉంది. పొడవు మూడు కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా 800 మీటర్లు దాటదు. 1943 నవంబరు 20న అమెరికా రెండో మెరైన్ డివిజన్ అక్కడ దిగింది. 76 గంటల్లో అంతా అయిపోయింది. అమెరికా వైపు వెయ్యి మందికి పైగా పోయారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. జపాన్ దండు 4,800 దాకా ఉంటే, ప్రాణాలతో చిక్కింది 146 మంది.

నా వాదన ఇది: ఈ దీవిని పక్కన పెట్టి ముందుకు పోవాల్సింది. లక్ష మంది దాకా జపాన్ సైనికులు ఉన్న రబౌల్‌ను ముట్టుకోకుండా వదిలేశారు. 1944లో మార్షల్ దీవుల్లో వోట్జే, మలోఎలాప్, జలుయిట్, మిలి అన్నీ వదిలేశారు. అక్కడి దండులు తిండి అందక ఎండిపోయి 1945లో లొంగిపోయాయి. తరావాకు ఆ లెక్క ఎందుకు వర్తించలేదు? ఆ దాడి మీద పై అధికారిగా ఉన్న హాలండ్ స్మిత్ కూడా యుద్ధం అయ్యాక అది తప్పని రాశాడు.

పడవసరంగు:
కొబ్బరిమట్ట గారూ, మీ ఉదాహరణలే మీకు ఎదురు తిరుగుతున్నాయి. మిలి, జలుయిట్‌లను వదిలేయగలిగారంటే, వాటి మీద రోజూ బాంబులు వేయడానికి దగ్గర్లో రన్‌వేలు చేతికొచ్చాయి కాబట్టి. ఆ రన్‌వేల్లో ఒకటి బేషియోలోనే ఉంది. ఒక దీవిని వదిలేయాలంటే దాన్ని కదలనివ్వకుండా తొక్కిపట్టే విమానాలు పక్కన ఉండాలి. 1943 చివర్లో మధ్య పసిఫిక్‌లో అలాంటి స్థావరం అమెరికాకు లేదు. మార్షల్ దీవుల్లోని క్వాజలీన్ మీద దిగాలంటే ముందు దాని ఫొటోలు కావాలి, ఫొటోలు కావాలంటే విమానం వెళ్లి తిరిగి రాగలిగే దూరంలో నేల కావాలి.

హాలండ్ స్మిత్ మాటకు నేను అంత బరువివ్వను. నౌకాదళంతో ఆయనకున్న గొడవలు అందరికీ తెలిసినవే.

లెక్కచూసేవాడు:
రెండు పక్కలా ఒక సంగతి వదిలేశారు. బేషియోను అంత గట్టి కోటగా మార్చడానికి కారణం అమెరికాయే. 1942 ఆగస్టు 17న మెరైన్లు జలాంతర్గాముల్లో వచ్చి పక్కనున్న మకిన్ దీవి మీద పడి, రెండో రోజుకు వెనక్కి వెళ్లిపోయారు. అప్పటిదాకా గిల్బర్ట్ దీవుల్లో జపాన్‌కు చెప్పుకోదగ్గ దండే లేదు. ఆ తర్వాతే సిమెంటు, ఇనుము, ఫిరంగులు, కూలీలు దిగారు. ఏడాదికి పైగా సమయం దొరికింది.

అన్నట్టు, ఎవరైనా చెప్పకముందే చెబుతున్నాను: అక్కడి 8 అంగుళాల ఫిరంగులు సింగపూర్‌లో బ్రిటిష్‌వాళ్ల దగ్గర లాక్కున్నవి కావు. రష్యా–జపాన్ యుద్ధం నాటికి, 1905లో, జపాన్ వికర్స్ కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొన్నవి. వాటి మీది నంబర్లు చూసి తేల్చారు.

ఉప్పుటేరు:
"అవసరమా" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. "అలా దిగడం అవసరమా" అని అడిగితే దొరుకుతుంది. ఆ వెయ్యి మందిలో ఎక్కువమందిని చంపింది వ్యూహం కాదు, తొందర. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది నీళ్లు. ఉత్తరపు ఒడ్డు ముందు వలయం లోపలి కయ్య (ఉప్పునీటి మడుగు) వైపున అర కిలోమీటరు పైచిలుకు పగడపు దిబ్బ పరుచుకుని ఉంది. సైనికులను మోసే హిగ్గిన్స్ పడవ నిండుగా ఉంటే దానికి మూడున్నర నుంచి నాలుగు అడుగుల నీళ్లు కావాలి. ఆ రోజు దిబ్బ మీద మూడడుగులకు మించి లేవు. మన కోస్తా పడవవాళ్లకు దీని గురించి పాఠం చెప్పక్కర్లేదు. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ, అష్టమికి పోటూ పాటూ రెండూ మందం. 1943 నవంబరు 12న పున్నమి. 20 అంటే ఎనిమిదో రోజు. సూర్యుడొక పక్క, చంద్రుడొక పక్క అడ్డంగా లాగే రోజు. దానికి తోడు చంద్రుడు ఆ రెండు రోజుల్లోనే భూమికి బాగా దూరంగా ఉన్నాడు. రెండూ కలిస్తే నీళ్లు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు, గంటల తరబడి అలాగే నిలబడిపోతాయి. ఈ లెక్కను 1987లో టెక్సాస్‌కు చెందిన డోనల్డ్ ఓల్సన్ అనే భౌతికశాస్త్రవేత్త విడదీసి చూపించాడు.

రెండోది బండ్లు. పగడం మీద పాకి ఎక్కగలిగే ట్రాక్టర్ బండ్లు (ఆమ్‌ట్రాక్‌లు) మొత్తం 125. మొదటి మూడు వరుసలకు వాడినవి 87. నాలుగో వరుస నుంచి అందరూ హిగ్గిన్స్ పడవల్లోనే. పడవ దిబ్బకు తగులుకుని ఆగిపోతుంది, తలుపు పడుతుంది, రొమ్ముల దాకా నీళ్లలో తుపాకీ తలమీద పెట్టుకుని ఐదారు వందల మీటర్లు నడవాలి. ఎదురుగా మెషిన్ గన్లు. మొదటిరోజు ఒడ్డుకు చేరిన దాదాపు ఐదు వేల మందిలో 1,500 మంది రాత్రికల్లా చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. బండ్లు దండిగా ఉండుంటే ఈ నడక ఉండేదే కాదు.

దక్షిణగాలి:
నీళ్ల సంగతి ముందే చెప్పారు కదా? ఫ్రాంక్ హాలండ్ అనే న్యూజిలాండ్ మేజర్ అక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాడు. మూడడుగులే ఉంటాయని నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదని చదివాం. ఇది నేరం కాదా?

ఉప్పుటేరు:
సగం నిజం. ఆయన చెప్పాడు. కానీ అదే దీవుల్లో ఉండి వచ్చిన మిగతా ఓడవాళ్లూ, ఉద్యోగులూ ఐదడుగులు ఉంటాయన్నారు. డివిజన్ కమాండర్ జూలియన్ స్మిత్ హాలండ్ మాటను కొట్టిపారేయలేదు. నడవాల్సి వచ్చే అవకాశం సగానికి సగం ఉందని తన మనుషులకు ముందే చెప్పాడు. బండ్లు పెంచమని పట్టుబట్టినదీ ఆయనే. బండ్లు లేకపోతే దాడే లేదని హాలండ్ స్మిత్ దింపుడు నౌకల అధిపతి అడ్మిరల్ టర్నర్‌తో తేల్చి చెప్పాకే అదనంగా 50 వచ్చాయి. (ఇద్దరు స్మిత్‌లు, ఒక హాలండ్. చదివేవాడికి తలనొప్పి, తెలుసు.)

నేరం ఎక్కడుందని అడిగితే నేను మరోచోట చూపిస్తాను. జూలియన్ స్మిత్ మూడు అడిగాడు. బాంబుల వర్షం రోజుల తరబడి కురవాలన్నాడు. పక్కనున్న బైరికి దీవిని ముందు పట్టుకుని అక్కడ ఫిరంగులు పెట్టుకుంటానన్నాడు. ఇంకోచోట దిగుతున్నట్టు మోసపు దాడి చేద్దామన్నాడు. మూడూ కాదన్నారు. ఒకటే కారణం: ఎక్కువసేపు ఉంటే తమ పెద్ద నౌకా స్థావరం ట్రుక్ నుంచి జపాన్ నౌకాదళం వచ్చి పడుతుందని భయం. చివరికి దక్కింది మూడు గంటలు కూడా నిండని ఫిరంగి మోత.

పడవసరంగు:
ఆ భయం ఉత్తదేమీ కాదు. మకిన్‌లో చూడండి. చిన్న దండు, తేలిగ్గా రోజులో తెమలాల్సింది, అమెరికా 27వ డివిజన్ నాలుగు రోజులు లాగింది. నేలమీద పోయినవాళ్లు 66 మంది. కానీ ఆ ఆలస్యానికి నౌకలు అక్కడే తచ్చాడాల్సి వచ్చింది. నవంబరు 24న ఒక జపాన్ జలాంతర్గామి లిస్కమ్ బే అనే విమానవాహక నౌకను ముంచింది. 644 మంది. బేషియోలో పోయినవాళ్లలో సగానికి మించి, ఒక్క టార్పెడోకి. తొందరకీ ఆలస్యానికీ రెండింటికీ ధర ఉంది. పటం ముందు కూర్చున్న, దాడి మొత్తానికి పెద్దయిన అడ్మిరల్ స్ప్రూయన్స్‌కు ఏది ఎంతవుతుందో ముందుగా తెలిసే దారి లేదు.

ఉప్పుటేరు:
జలాంతర్గామి వస్తుందన్న భయం వేరు, నౌకాదళమే వస్తుందన్న భయం వేరు. నవంబరు 5న రబౌల్ రేవులో జపాన్ క్రూయిజర్లు దెబ్బతిన్నాయి. విమానవాహకాల మీది విమానాలను రబౌల్‌కు పంపి అక్కడ పోగొట్టుకున్నారు. 20 నాటికి ట్రుక్ నుంచి బయల్దేరే సత్తా లేదు. అది తేదీకి రెండు వారాల ముందే కనబడుతోంది. మూడు గంటలను మూడు రోజులు చేసే వీలుంది, చేయలేదు.

ఆ మూడు గంటలు కూడా సరిగ్గా వాడుకోలేదు. మూడు వేల టన్నుల దాకా గుండ్లు పడ్డాయి, నిజమే. కానీ నౌకలు దగ్గరికొచ్చి బల్లపరుపుగా కాల్చాయి. చదునైన దీవి మీద అలా కాలిస్తే గుండు ఇసుకలో చీలి పోతుంది, లేదా మీదుగా జారి సముద్రంలో పడుతుంది. అక్కడి బంకర్లు కొబ్బరి దుంగలు, పగడపు ఇసుక, సిమెంటు పొరలు పొరలుగా వేసి కట్టినవి. ఇసుక దెబ్బను మింగేస్తుంది. వాటిని పగలగొట్టాలంటే గుండు దూరం నుంచి, ఎత్తు నుంచి నిట్టనిలువుగా పడి, లోపలికి దిగాక పేలాలి. పొగా దుమ్మూ లేచి ఏం కనబడక కాల్పులు ఆపేశారు. అప్పటికి బండ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. దాదాపు పావుగంట జపాన్‌వాళ్లకు చిక్కింది, దక్షిణపు ఒడ్డున ఉన్నవాళ్లు ఉత్తరానికి మారడానికి అది చాలు.

లెక్కచూసేవాడు:
వైర్‌లెస్ సంగతి కూడా కలపండి. ఒడ్డుకు మోసుకెళ్లిన సెట్లు ఉప్పునీళ్లలో తడిసి మూగబోయాయి. దాడిని నడిపించే నౌక మేరీల్యాండ్ యుద్ధనౌకే, అది తన పెద్ద ఫిరంగులు పేల్చినప్పుడల్లా ఆ అదురుకు దాని సొంత రేడియోలే ఆగిపోయేవి. ఒడ్డున దళాలను నడిపిస్తున్న కర్నల్ షూప్ ఏం అడుగుతున్నాడో నౌకకు తెలియదు. రెండో రోజు పొద్దున దిగిన పటాలం 20 గంటల దాకా పడవల్లోనే తిరిగి, మొదటిరోజు జరిగిన నడకే మళ్లీ నడిచింది. అదే సమయంలో పడమటి కొసన మేజర్ రయన్ చెదిరిపోయిన వాళ్లను పోగేసి, మిగిలిన రెండు ట్యాంకులతో ఆ ఒడ్డంతా ఊడ్చేశాడు. ఆ సంగతి పైవాళ్లకు తెలియడానికి పొద్దెక్కింది. సాయంత్రం అక్కడ రబ్బరు పడవల్లో ఒక బెటాలియన్ దాదాపు నష్టం లేకుండా దిగింది. యుద్ధం తిరిగింది అక్కడ.

కొబ్బరిమట్ట:
అయితే ఇదంతా "పాఠం" అని చెప్పేవాళ్లకు మీ జవాబేమిటి? తరావా నేర్పిందని, నీళ్లకింద దిబ్బలు చూసే ఈతగాళ్ల దళాలు దాని తర్వాతే పుట్టాయని, హవాయిలో కహోలావె దీవిలో అచ్చం అలాంటి బంకర్లు కట్టి పేల్చి చూశారని, అందుకే రెండు నెలలకు క్వాజలీన్‌లో చావులు 400 లోపే అని. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. బంకరు కట్టి పేల్చి చూడ్డానికి ముందు వెయ్యి శవాలు కావాలా?

పడవసరంగు:
కావాలని ఎవరూ అనలేదు. కానీ మీరు చెప్పిన మార్పులన్నీ కాగితం మీద ముందే ఉన్నాయా అంటే, లేవు. కాపలా గట్టిగా ఉన్న పగడపు వలయం మీద దాడి అంతకుముందు ఎవరూ చేయలేదు. క్వాజలీన్‌ను మొదటిదిగా తీసుకుని ఉంటే ఈ రక్తమంతా అక్కడ పారేది, ఇంకా పెద్ద దండు మీద.

దక్షిణగాలి:
ఇంతసేపూ మనం లెక్కేస్తున్నది ఒక వైపు వాళ్లనే అని గమనించారా? ఆ దీవిలో యుద్ధానికి ఏడాది ముందే, 1942 అక్టోబరులో, 22 మందిని జపాన్‌వాళ్లు చంపేశారు. వాళ్లలో 17 మంది న్యూజిలాండ్‌కు చెందిన తీర కాపలాదారులు, చేతిలో ఆయుధం లేనివాళ్లు. వాళ్లకు బేషియోలో స్మారకం ఉంది. ఊరు ఖాళీ చేయించిన గిల్బర్ట్ జనం సంగతి ఈ చర్చలో ఒక్క ముక్క రాలేదు. వాళ్ల పేరు కూడా మనం సరిగ్గా పలకడం లేదు. అక్కడ "టి" రాస్తే "స్" అని పలుకుతారు, కాబట్టి కిరిబాటి కాదు, కిరిబాస్.

లెక్కచూసేవాడు:
అమెరికా వాళ్లను కూడా సరిగ్గా లెక్కవేయలేదండి, అది మరీ విడ్డూరం. పడినవాళ్లను పడినచోటే, పోంచోలో చుట్టి, బుల్డోజరు తవ్విన కందకాల్లో వరసగా పూడ్చారు. తర్వాత వచ్చిన నిర్మాణ దళాలు రన్‌వే పెంచడానికి, రోడ్లు, షెడ్లు వేయడానికి నేలంతా చదును చేశాయి. సమాధుల గుర్తులు తీసి, చూడ్డానికి చక్కగా ఉండాలని వేరే వరసల్లో తెల్ల శిలువలు పాతారు. 1946లో ఎముకలు తీసుకెళ్లడానికి వచ్చిన దళం శిలువ కింద తవ్వితే చాలాచోట్ల ఇసుకే. దాదాపు సగం మంది దొరకలేదు. దొరికినవాళ్లలో పేరు తేలనివాళ్లను హవాయిలో పూడ్చారు. 2015లో ఒక స్వచ్ఛంద సంస్థ, నేలలోకి చూసే రాడార్‌తో, పాత ఫొటోలతో వెతికి ఒక కందకాన్ని పట్టింది. అందులోనే మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన అలెగ్జాండర్ బోనీమాన్ ఉన్నాడు. 72 ఏళ్లకు ఇంటికి చేరాడు. 2019లో మరో 20 మందికి పైగా తేలారు.

పళ్ల రికార్డులు ఉంటే త్వరగా తేలుతుంది. లేకపోతే ఎముకలోని డీఎన్‌ఏను తల్లి వైపు బంధువుల నమూనాతో పోలుస్తారు. ఆ బంధువులు వెళ్లిపోతున్నారు, అదే ఇప్పటి తొందర.

ఉప్పుటేరు:
జపాన్ వైపు వాళ్లను బంకర్లలోనే, గుండ్లు తవ్విన గుంటల్లోనే మూకుమ్మడిగా కప్పేశారు. అందులో సైనికుడెవరో కూలీ ఎవరో ఎముక చూసి చెప్పలేం. బూటు మేకులు, బటన్లు కొంతవరకే పనికొస్తాయి. దొరికిన ఎముకలను అక్కడే దహనం చేసి బూడిద తీసుకెళ్లే పద్ధతి పాటిస్తే డీఎన్‌ఏ పోతుంది. కూలీలుగా తెచ్చిన కొరియావాళ్ల కుటుంబాలు పట్టుబట్టింది దీనిమీదే. 2019లో ఒక కొరియా కూలీ ఎముక కుటుంబపు నమూనాతో కలిసింది. ఆయన అవశేషాలు 2023 డిసెంబరులో సొంతూరికి చేరాయి. మధ్యలో కోవిడ్ అడ్డుపడింది.

కొబ్బరిమట్ట:
నా అభిప్రాయం మారలేదు. మూడు రోజులు బాంబులేసే వీలున్నప్పుడు మూడు గంటలతో దింపారంటే, ఆ రన్‌వే అంత అర్జంటు కాదనే అర్థం చేసుకుంటాను. కానీ మొదటి పోస్టులో ఒకటి దిద్దుతున్నాను. "జపాన్ దండు 4,800" అని రాశాను, అది దండు కాదు. పోరాడే సైనికులు 2,600 దాకా, నిర్మాణ పనివాళ్లు 2,200 దాకా, ఆ పనివాళ్లలో సగానికి పైగా కొరియా నుంచి తెచ్చినవాళ్లు. ప్రాణాలతో చిక్కిన 146 మందిలో కొరియావాళ్లు 129, జపాన్‌వాళ్లు 17.