‘సోడియం నిరోధకం’: ఈ మాట సరిపోతుందా?

మూర్ఛ మందుల గురించి తెలుగులో రాసేటప్పుడు ‘సోడియం ఛానల్ బ్లాకర్’ని కొందరు ‘సోడియం నిరోధకం’ అంటున్నారు. చదవగానే ‘అయితే ఉప్పు తగ్గించాలా?’ అన్న అనుమానం వస్తుంది. రావడంలో వింతేమీ లేదు, మాటే అలా ఉంది. కానీ రక్తంలో సోడియం బాగా పడిపోతే అదే ఫిట్స్ తెప్పిస్తుంది. పైగా ఈ కోవకే చెందిన కార్బమజిపైన్, ఆక్స్‌కార్బజిపైన్ అనే మందులు వాడేవాళ్లలో కొందరికి సోడియం తగ్గే ప్రమాదం ముందే ఉంది. అందుకే ఈ మాట మీద నాకింత పట్టింపు.

ఈ మందులు పనిచేసేది ఉప్పు మీద కాదు, అది లోపలికొచ్చే దారి మీద. మెదడులోని నాడీకణం పొరలో సోడియం కోసం ప్రోటీన్ ద్వారాలుంటాయి. కణం ఊరికే ఉన్నప్పుడు లోపలి వోల్టేజీ సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. అది కాస్త పైకి లేవగానే, మిల్లీసెకను గడవకముందే ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం దూసుకొస్తుంది, సంకేతం పుడుతుంది. ఒకటి రెండు మిల్లీసెకన్లకే ద్వారం దానంతటదే బిగుసుకుపోతుంది. వోల్టేజీ మళ్లీ దిగితే గానీ ఆ బిగువు వదలదు.

ఫినైటాయిన్, కార్బమజిపైన్, లామోట్రిజిన్ ముఖ్యంగా పట్టుకునేది ఈ బిగుసుకున్న స్థితినే. ద్వారాన్ని త్వరగా తేరుకోనివ్వవు. దాంతో మామూలు వేగంతో వెళ్లే సంకేతాలు చాలావరకు సాగుతాయి, ఫిట్స్‌లో లాగా ఎడతెరిపి లేకుండా వచ్చేవి మాత్రం తెగిపోతాయి. ‘నిరోధకం’లో ఈ తేడా ఎక్కడుంది? ‘సోడియం ద్వారాలకు కళ్లెం వేసే మందు’ అంటే పొడుగవుతుందేమో గానీ, విషయం తెలుస్తుంది.

వ్యాఖ్య: అంటే ద్వారాలు ఎంత తక్కువ పనిచేస్తే అంత మంచిదనుకోవచ్చా అండీ?

జవాబు: అలా అనుకోకూడదండీ. ద్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ జబ్బు ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఎస్‌సీఎన్1ఎ జన్యువులో లోపం ఉంటుంది, ఆ జన్యువు వల్ల తయారయ్యే రకం సోడియం ద్వారాల పని తగ్గుతుంది. అయినా ఏడాది నిండకముందే, తరచు జ్వరంతో పాటు ఫిట్స్ మొదలవుతాయి. ఎందుకంటే ఆ ద్వారాల మీద ఎక్కువగా ఆధారపడేవి మిగతా కణాలను అదుపులో పెట్టే నాడీకణాలు. అవి నీరసిస్తే తక్కినవి చెలరేగుతాయి. ఈ పిల్లలకు పైన చెప్పిన మందులిస్తే ఫిట్స్ ఇంకా పెరగొచ్చు. ఎస్‌సీఎన్8ఎ జన్యువులో మార్పు వల్ల ద్వారాలు అతిగా పనిచేసే పిల్లలకైతే ఇదే కోవ మందులు తరచు మేలు చేస్తాయి. అలాగని పేరు చూసి ఎవరూ మందు సొంతంగా ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

వ్యాఖ్య: ‘ద్వారం’ ఎందుకు, ‘ఛానల్’ అనే ఉంచేద్దామా?

జవాబు: ఉంచొచ్చు. డాక్టర్లు అనేదీ, రిపోర్టుల్లో కనిపించేదీ ఆ మాటే. ఛానల్ అన్నా ద్వారం అన్నా నాకు ఫర్వాలేదు. ‘సోడియం’ పక్కన ఆ రెంటిలో ఒకటి మాత్రం తప్పకుండా ఉండాలి.